పేపర్ పంపే ముందు ఒక గంట

పీహెచ్‌డీ స్కాలర్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే సందేశం ఒకటుంది. స్కోపస్ జర్నల్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.812, పది రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ, ఫీజు రెండు వాయిదాల్లో కట్టవచ్చు. కింద ఒక ఫోన్ నంబరు. ఫెలోషిప్ గడువు దగ్గరపడి, గైడ్ కనబడినప్పుడల్లా "పేపర్ ఎక్కడిదాకా వచ్చింది?" అని అడుగుతున్న రోజుల్లో అలాంటి సందేశం మనిషిని ఎంత బలంగా లాగుతుందో నాకు తెలుసు. ఆ నంబరుకు ఫోన్ చేసే ముందు మీరు చదవాలని ఈ అధ్యాయం రాస్తున్నాను. ఊరూరా తిరిగి సర్వే చేసో, ల్యాబులో రాత్రిళ్లు గడిపో సంపాదించిన ఫలితం ఎవరికీ దొరకని మూల పడిపోతే ఆ నష్టం మీ ఒక్కరిదే కాదు. ఆ విషయం మీద రేపు పనిచేయబోయే వాళ్లందరిదీ.

ఒక జర్నల్ ఫలానా ఇండెక్స్‌లో ఉందా లేదా అన్నది ఆ జర్నల్‌నే అడిగితే లాభం లేదు. ఇండెక్స్ నడిపే సంస్థను అడగాలి. ఓటర్ల జాబితాలో మన పేరుందో లేదో పార్టీ కార్యకర్త మాట మీద నమ్మి ఊరుకోం కదా, జాబితా తెప్పించి వేలు పెట్టి చూసుకుంటాం. ఇక్కడా అంతే. ఆ జాబితాలన్నీ ఉచితంగా అందరికీ తెరిచే ఉన్నాయి. చూడటం వచ్చినవాడికి గంట పని.

అసలు ఈ ఇండెక్సులు ఎందుకు పుట్టాయో తెలిస్తే తక్కినదంతా సులువుగా అర్థమవుతుంది. 1879లో అమెరికా సైన్యపు వైద్య గ్రంథాలయాన్ని చూసుకునే జాన్ షా బిల్లింగ్స్ 'ఇండెక్స్ మెడికస్' మొదలుపెట్టాడు. ప్రపంచం నలుమూలలా అచ్చవుతున్న వైద్య వ్యాసాల్లో ఏది ఎక్కడుందో డాక్టర్లకు తెలియాలన్నది ఆయన ఉద్దేశం. నేటి మెడ్‌లైన్, పబ్‌మెడ్‌లకు మూలం అదే. తర్వాత ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ మరో దారి తొక్కాడు. ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ఉదహరించాయో చెప్పే పుస్తకాలు అమెరికా వకీళ్లకు అప్పటికే ఉండేవి. శాస్త్ర వ్యాసాలకూ అలాంటిది ఉంటే బాగుంటుందని 1955లో 'సైన్స్' పత్రికలో రాశాడు. 1964లో 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' తెచ్చాడు. ఒక పాత వ్యాసాన్ని పట్టుకుంటే, దాన్ని ఉదహరించిన కొత్త వ్యాసాలన్నీ వరసగా దొరికే ఏర్పాటు అది. నేటి వెబ్ ఆఫ్ సైన్స్ దాని వారసురాలే. ఇప్పుడు క్లారివేట్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. ఎల్సెవియర్ సంస్థ స్కోపస్‌ను 2004లో ప్రారంభించింది.

ఇవన్నీ వెతుక్కునేవాడి కోసం పుట్టినవి. ఉద్యోగాలకు, ప్రమోషన్లకు వీటిని కొలబద్దగా వాడటం తర్వాత వచ్చిన అలవాటు. ఆ అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో పాతుకుపోయాకే నకిలీల వ్యాపారం పెరిగిందని నా నమ్మకం. కొలబద్దకు విలువ కట్టిన చోటికి దొంగ కొలబద్దలు అమ్మేవాళ్లు వస్తారు.

ఇక గంట పనిలోకి వద్దాం.

జర్నల్ పేరుతో కాకుండా దాని ఐఎస్‌ఎస్‌ఎన్‌తో మొదలుపెట్టండి. పేర్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్' అని మొదలయ్యేవి ఎన్నో లెక్కే లేదు. ఐఎస్‌ఎస్‌ఎన్ ఎనిమిది స్థానాల సంఖ్య. అందులో చివరిది మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టి వచ్చే సరిచూపు అంకె. 'నేచర్' పత్రికది 0028-0836. మొదటి ఏడు అంకెలను వరసగా 8, 7, 6, 5, 4, 3, 2లతో గుణించి కలిపితే 82 వస్తుంది. 82ను 11తో భాగిస్తే శేషం 5. పదకొండులోంచి అయిదు తీసేస్తే 6, అదే చివరి అంకె. శేషం సున్నా అయితే చివర సున్నా వస్తుంది, తీసివేతలో పది వస్తే అంకెకు బదులు ఎక్స్ అక్షరం ఉంటుంది. నోటికొచ్చినట్టు వేసిన నంబర్లు చాలావరకు ఈ లెక్క దగ్గరే దొరికిపోతాయి. లెక్క కుదిరాక ఐఎస్‌ఎస్‌ఎన్ అంతర్జాతీయ కేంద్రం వారి పోర్టల్‌లో ఆ సంఖ్య కొట్టి, అక్కడ కనిపించే పేరూ ప్రచురణ దేశమూ జర్నల్ వెబ్‌సైట్‌లో ఉన్నవేనా అని చూడండి.

అయితే ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉన్నంత మాత్రాన జర్నల్ మంచిదని కాదు. అది గుర్తింపు సంఖ్య మాత్రమే. ఏ పత్రికకైనా అడిగితే ఇస్తారు. డీఓఐ కూడా అంతే, వ్యాసానికి శాశ్వత చిరునామా. గూగుల్ స్కాలర్‌లో కనిపించడం కూడా గొప్ప కాదు. అక్కడ జర్నళ్లను ఎంపిక చేసే కమిటీ ఏదీ లేదు, ఇంటర్నెట్‌లో దొరికినదాన్ని యంత్రం ఏరుకుంటుంది. ఈ మూడింటి లోగోలనూ 'ఇండెక్స్‌డ్ ఇన్' అన్న శీర్షిక కింద వరసగా పేర్చిన జర్నల్ కనిపిస్తే అక్కడే అనుమానించండి. చెప్పుకోవడానికి గట్టిది ఒక్కటున్నా వీటిని ముందు పెట్టుకోరు.

తర్వాత స్కోపస్. దాని వెబ్‌సైట్‌లో 'సోర్సెస్' అనే పేజీ ఉంటుంది. చందా అక్కర్లేదు. అందులో ఐఎస్‌ఎస్‌ఎన్ కొట్టండి. జర్నల్ పేరు రాగానే ఊపిరి పీల్చుకుని బయటికి వచ్చేయకండి, చాలామంది దెబ్బతినేది అక్కడే. పేరు కింద 'కవరేజ్' అని సంవత్సరాలు రాసి ఉంటాయి. 2012 నుంచి నేటివరకు అని ఉంటే సరే. 2012 నుంచి 2019 వరకు అని ఉంటే ఆ జర్నల్‌ను తీసుకోవడం మానేశారని అర్థం. మీరు ఇప్పుడు పంపే పేపర్ అందులోకి రాదు. పాత వ్యాసాలు స్కోపస్‌లో నిలిచే ఉంటాయి కాబట్టి 'మేం స్కోపస్‌లో ఉన్నాం' అని వాళ్లు చెప్పుకునే మాట ఒక విధంగా నిజమే. మీకు మాత్రం అది పనికిరాదు. నిలిపేసిన జర్నళ్ల పట్టికను స్కోపస్ విడిగా కూడా విడుదల చేస్తుంది, దించుకుని దగ్గర పెట్టుకోండి.

ఇండెక్స్ నుంచి తీసేయడం చిన్న జర్నళ్లకే జరుగుతుందనుకోవద్దు. 2023 మార్చిలో వెబ్ ఆఫ్ సైన్స్ ఒక్కసారిగా యాభైకి పైగా జర్నళ్లను తొలగించినప్పుడు వాటిలో 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ రీసెర్చ్ అండ్ పబ్లిక్ హెల్త్' ఉంది. ఎండీపీఐ సంస్థ ప్రచురించే ఆ జర్నల్‌కు వేల వ్యాసాలూ పెద్ద ఇంపాక్ట్ ఫ్యాక్టరూ ఉండేవి. వైలీ వారి చేతికి వచ్చిన హిందావీ సంస్థ జర్నళ్లు 19 కూడా ఆ దెబ్బకు పోయాయి. అందుకే పంపే రోజున ఒకసారి, అంగీకార పత్రం వచ్చిన రోజున ఇంకోసారి చూసుకోవాలి. చూసిన పేజీని తేదీ కనిపించేలా దాచుకోండి. రేపు మీ సబ్మిషన్ సమయంలో ఎవరైనా ప్రశ్నిస్తే ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

వెబ్ ఆఫ్ సైన్స్‌కు 'మాస్టర్ జర్నల్ లిస్ట్' ఉంది, అదీ ఉచితమే. అక్కడ జర్నల్ ఏ భాగంలో ఉందో చూడండి. కోర్ కలెక్షన్‌లో జర్నళ్లకు నాలుగు సూచికలున్నాయి: సైన్స్‌కు, సామాజిక శాస్త్రాలకు, కళలు మానవీయ శాస్త్రాలకు ఒక్కొక్కటి, నాలుగోది 2015లో వచ్చిన 'ఎమర్జింగ్ సోర్సెస్'. మీ విశ్వవిద్యాలయం నిబంధనల్లో ఎస్‌సీఐ (సైన్స్ సైటేషన్ ఇండెక్స్) అని మాత్రమే రాసి ఉంటే ఎమర్జింగ్ సోర్సెస్ జర్నల్ సరిపోతుందో లేదో రీసెర్చ్ సెల్‌ను ముందే రాతపూర్వకంగా అడగండి. నోటిమాట సబ్మిషన్ నాటికి ఎవరికీ గుర్తుండదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతి. గత రెండేళ్లలో జర్నల్ వేసిన వ్యాసాలకు ఈ ఏడు వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది అది. రెండేళ్లలో నూరు వ్యాసాలు వేసి, వాటికి ఈ ఏడు 250 సైటేషన్లు వస్తే 2.5. దీన్ని లెక్కకట్టి ప్రకటించేది క్లారివేట్ ఒక్కటే. 'గ్లోబల్', 'యూనివర్సల్' లాంటి విశేషణం ముందు తగిలించుకుని తిరిగే ఇంపాక్ట్ ఫ్యాక్టర్లకు దీనితో సంబంధం లేదు. పట్టుకోవడానికి ఒక చిన్న ఆనవాలు చెబుతాను. 2023 విడుదల నుంచి క్లారివేట్ ఈ సంఖ్యను దశాంశ బిందువు తర్వాత ఒకే అంకెతో ఇస్తోంది. తాజా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటూ 7.812 అని మూడంకెలు చూపించేవారిని ఆ సంఖ్య ఎక్కడిదని అడగాల్సిందే.

వైద్యం, ఫార్మసీ, నర్సింగ్ వాళ్లకు పబ్‌మెడ్ దగ్గర ఒక మెలిక ఉంది. పబ్‌మెడ్‌లో ఒక వ్యాసం కనిపించిందంటే ఆ జర్నల్‌ను మెడ్‌లైన్ ఎంపిక చేసిందని కాదు. అమెరికా ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన ఏ జర్నల్‌లో వచ్చినా రచయిత తన ప్రతిని అక్కడి భాండాగారంలో దాఖలు చేయవచ్చు. అలా దాఖలైన వ్యాసమూ పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది. కనుక అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి కేటలాగ్‌లో జర్నల్ పేరు తెరిచి, ప్రస్తుతం మెడ్‌లైన్ కోసం ఇండెక్స్ అవుతోందని అక్కడ రాసి ఉందా చూడండి. ఆ వాక్యమే ప్రమాణం.

ఈ తేడా తెలియకపోవడాన్ని ఎలా సొమ్ము చేసుకుంటారో చెప్పే పెద్ద కేసు మన హైదరాబాద్‌తో ముడిపడినదే. ఇక్కడి నుంచి వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. జర్నళ్లు పబ్‌మెడ్, మెడ్‌లైన్‌లలో ఇండెక్స్ అయ్యాయని అబద్ధం చెప్పారని, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల గురించి తప్పుదోవ పట్టించారని, పీర్ రివ్యూ సరిగా చేయలేదని, అంగీకారం తర్వాత గానీ ఫీజు మాట ఎత్తలేదని ఆరోపణలు. వ్యాసం వెనక్కి తీసుకుంటామన్నా ఇవ్వకపోవడం వాటిలో మరొకటి. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. మన ఊరి పేరు పరిశోధనా ప్రపంచంలో ఆ రకంగా వినబడటం నాకు బాధ. జీవశాస్త్రాల్లో, మందుల తయారీలో ఇంత పనిచేసిన నగరానికి అది తగని మరక.

తర్వాతి ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. జర్నల్ నిజమైనదే, స్కోపస్‌లోనూ ఉంటుంది, ఐఎస్‌ఎస్‌ఎన్ సరైనదే. వెబ్‌సైట్ మాత్రం దొంగది. దీన్ని క్లోన్ జర్నల్ అంటున్నారు. ఏ యూరప్ విశ్వవిద్యాలయమో నిదానంగా నడుపుకునే పత్రిక పేరును ఎవరో ఎత్తుకుని సొంత సైట్ పెట్టి ఫీజులు వసూలు చేస్తారు. పట్టుకోవాలంటే స్కోపస్‌లో ఆ జర్నల్ ఇటీవలి వ్యాసాల శీర్షికలు చూసి, సైట్‌లోని తాజా సంచికతో పోల్చాలి. ఒక్కటీ కలవకపోతే మీరు దొంగ గుమ్మం ముందు నిలబడ్డారు. ఏడాదికి నాలుగు సంచికలు, సంచికకు పది వ్యాసాలు వేసే చరిత్ర పత్రిక హఠాత్తుగా ఒకే నెలలో మెషీన్ లెర్నింగ్, కోళ్ల పెంపకం, జీఎస్టీ మీద వందల వ్యాసాలు వేసిందంటే అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రిట్రాక్షన్ వాచ్ వారు ఇలాంటి క్లోన్ల పట్టిక ఒకటి నడుపుతున్నారు, అందులోనూ వెతకండి.

ఇక యూజీసీ. ఆమోదిత జర్నళ్ల జాబితా 2017లో తెచ్చారు. అందులో నాసిరకం జర్నళ్లు గుంపుగా చేరాయన్న విమర్శతో 2018 మేలో 4,305 పేర్లు తీసేశారు. దాని స్థానంలో 2019లో యూజీసీ కేర్ అనే కొత్త జాబితా అమల్లోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ నిలిపేసి, జర్నల్‌ను అంచనా వేసుకోవడానికి కొన్ని సూచనలిచ్చి బాధ్యతను విశ్వవిద్యాలయాలకు వదిలేశారు. 'యూజీసీ కేర్ అప్రూవ్డ్' అని ఇప్పటికీ ప్రచారం చేసుకునే జర్నల్ మీకు పాత రశీదు చూపిస్తున్నట్టే లెక్క. ఇంకోటి, థీసిస్ సమర్పించే ముందు పేపర్ ప్రచురించి తీరాలన్న షరతును 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో యూజీసీ తీసేసింది. కానీ చాలాచోట్ల విశ్వవిద్యాలయాలు సొంతంగా ఆ షరతు పెట్టుకున్నాయి. మీ నోటిఫికేషన్ సంవత్సరానికి వర్తించే నిబంధనల ప్రతి తెప్పించుకుని చదవండి. సీనియర్లు చెప్పేది వాళ్ల బ్యాచ్ సంగతి. లేని షరతుకు భయపడి డబ్బు కట్టినవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తెలుగు సాహిత్యంలోనో, చరిత్రలోనో తెలుగులో రాసే పరిశోధకులకు నా మాట కాస్త వేరుగా ఉంటుంది. మీ వ్యాసాన్ని 'మల్టీడిసిప్లినరీ' జర్నల్‌కు పంపమని సలహా ఇస్తారు. సివిల్ ఇంజినీరింగ్ వ్యాసానికీ ఫార్మసీ వ్యాసానికీ మధ్య పాల్కురికి సోమన మీద మీ వ్యాసం అచ్చవుతుంది. దాన్ని చదివి తప్పొప్పులు చెప్పగల రిఫరీ ఆ జర్నల్‌కు ఎవరున్నారో సంపాదకవర్గం పేజీ తెరిచి చూడండి. తెలుగు చదవగలిగినవారు ఒక్కరూ లేకపోతే ఆ పీర్ రివ్యూ జరగలేదన్నమాటే. తెలుగు పత్రికలకు పెద్ద ఇండెక్సుల తలుపులు మూసి ఉన్నాయని కూడా అనుకోవద్దు. వ్యాసం ఏ భాషలో ఉన్నా శీర్షిక, సారాంశం ఇంగ్లిష్‌లో, ఉపయుక్త గ్రంథాల పట్టిక రోమన్ లిపిలో ఉండాలన్నది స్కోపస్ షరతుల్లో ఒకటి. వాటితోపాటు పీర్ రివ్యూ పద్ధతి, నైతిక నియమాలు సైట్‌లో ప్రకటించాలి, సంచికలు వేళకు రావాలి. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల సూచిక అన్ని భాషల పత్రికలనూ పరిశీలిస్తుంది, దరఖాస్తుకు రుసుము లేదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, మెడ్‌లైన్ కూడా పరిశీలనకు పైసా అడగవు. "మీ పత్రికను స్కోపస్‌లో చేర్పిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా సంపాదకులకు ఫోన్ చేస్తే పెట్టేయడమే. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు కలిసి ఒక మంచి పత్రికను ఈ షరతులకు తగ్గట్టు నడపాలని, అది ఏళ్లపాటు వేళకు రావాలని నాకు ఎంతో ఆశ.

జర్నల్ సంగతి తేలాక మీ పేరు సంగతి చూసుకోండి. దీన్ని దాదాపు ఎవరూ చెప్పరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. ఇండెక్స్ యంత్రాలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. కె. శ్రీనివాస రావు అని రాస్తే అక్కడ 'రావు, కె.ఎస్.' అవుతారు. అదే పేరుతో ఎందరు ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక పేపర్‌లో శ్రీనివాసరావు అని కలిపి, మరోదాంట్లో విడదీసి, ఇంకోదాంట్లో ఇంటిపేరు పూర్తిగా రాస్తే మీ పని మూడు ప్రొఫైళ్లుగా చీలిపోతుంది. మీ సైటేషన్లు ఇంకెవరి ఖాతాలోనో పడతాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళలకు ఈ చిక్కు రెట్టింపు. కాబట్టి మొదటి పేపర్‌కు ముందే ఒక రూపం నిర్ణయించుకుని, స్పెల్లింగ్‌తో సహా జీవితాంతం దానికే కట్టుబడండి. ఆర్కిడ్ సంఖ్య తీసుకోండి, ఉచితం, నిమిషాల్లో వస్తుంది. ప్రతి సబ్మిషన్‌లో అది ఇవ్వండి. ఇప్పటికే చీలిపోయి ఉంటే స్కోపస్‌లో రచయితలు తమ ప్రొఫైళ్లను కలపమని కోరే సదుపాయం ఉంది. ఒక సాయంత్రం కూర్చుంటే ఆ దరఖాస్తు అయిపోతుంది.

ఇదంతా చదివేసరికే మీ పేపర్ ఒక అనుమానాస్పద జర్నల్‌కు వెళ్లి ఉంటే కంగారుపడకండి, సిగ్గుపడకండి. ముందు ఎక్కడున్నారో చూసుకోండి. ఫీజు కట్టలేదా, కట్టవద్దు. కాపీరైట్ పత్రం మీద సంతకం అడుగుతున్నారా, పెట్టవద్దు. వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నానని, ప్రచురణకు నా అనుమతి లేదని రెండు వాక్యాల్లో మెయిల్ రాయండి. కారణాలు, ఆరోపణలు, బతిమాలడాలు వద్దు. సహ రచయితలందరికీ, గైడ్‌కూ ప్రతి పంపండి. ఉపసంహరణ రుసుము కట్టమని బెదిరింపు మెయిల్ రావచ్చు. ఏ ఒప్పందం మీద అడుగుతున్నారో చూపమని అడిగి, గైడ్‌కు తెలియజేసి ఆగండి. వాళ్లు ఒప్పుకోకముందే వేరే జర్నల్‌కు గుట్టుగా పంపితే ఒకే వ్యాసాన్ని రెండు చోట్లకు పంపిన తప్పు మీ మీద పడుతుంది. కొంతకాలం చూసి, మళ్లీ మెయిల్ రాసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే కొత్త జర్నల్ సంపాదకుడికి కవరింగ్ లెటర్‌లో జరిగినదంతా చెప్పి, ఆ మెయిళ్ల ప్రతులు జత చేసి, పరిశీలించగలరా అని అడగండి. అప్పటికే ఆ సైట్‌లో వ్యాసం ఎక్కించేసి ఉంటే ఆ సంగతి దాచకండి. ఆ వ్యాసాన్ని యథాతథంగా మరోచోటికి పంపడం కుదరదు. అదే డేటా మీద కొత్త విశ్లేషణతో, పాత ప్రచురణ ప్రస్తావన ఉంచి, వేరే వ్యాసం రాయాలి. ఏం రాయవచ్చో గైడ్‌తో కూర్చుని తేల్చుకోండి, ఆ వారమే.